రచయిత కూలి

ప్రతి ఆదివారము హైదరాబాదులోని అబిడ్సు వీథులలో పాతపుస్తకముల సంత కాలిబాటలపై సాగుచుండును. అచ్చట బేరమాడి కొనువాడు గ్రంథమును, అమ్మువాడు లాభమును దీసికొని పోవుదురు. గ్రంథకర్తకు దమ్మిడీయైనను చేరదు. ఇందు అధర్మ మేమియు లేదు. ఒకమారు అమ్ముడుపోయిన ప్రతిపై ఆతనికి మరల పాలుండదు. కావుననే ఆతనికి రావలసిన ప్రతిఫలము మొదటి విక్రయమునందే ముట్టవలయును. అది తెలుగునాట ముట్టుచున్నదా యనునదే మా ప్రశ్న.

కాగితమువానికి, అచ్చువానికి, బైండువానికి రొక్కము చెల్లుచున్నది. పుస్తక విక్రేత కమీషను ముందుగనే మినహాయించుకొనును. రచయితయొక్కడే పెక్కుమారులు తన సొమ్ముతో గ్రంథ మచ్చువేయించి, ప్రతులను ఉచితముగ పంచుచున్నాడు. పత్రికకు వ్రాసినచో, పేరు అచ్చుపడుటయే పారితోషికమని కొందరు సెలవిత్తురు. సభకు పిలిచినచో శాలువ కప్పుదురు. శాలువ చలి నాపును గాని ఆకలి నాపదు.

1985లో ఏర్పడి నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులో పెరిగిన తెలుగు విశ్వవిద్యాలయమునకు సురవరం ప్రతాపరెడ్డిగారి పేరిడుటకు 2025లో తెలంగాణ శాసనసభ ఆమోదించినది. వారు 1926లో గోలకొండ పత్రికను నెలకొల్పిరి. తెలంగాణమున కవులు లేరన్నవారికి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించి జవాబు చెప్పిరి. 1953లో వారు కీర్తిశేషులైన పిదప, 1955లో వారి ఆంధ్రుల సాంఘిక చరిత్రకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. ఈ గౌరవములు ఉచితములే. కాని పోయినవారికి చేయు గౌరవము జీవించియున్న రచయితలకు చెల్లవలసిన బాకీని తీర్పజాలదు. రచయిత మరణించిన పిదప 60 ఏండ్లు హక్కు నిలుచునని చట్టము చెప్పుచున్నది. బ్రదికియుండగా కూడుపెట్టని హక్కు వారసుల కేమి పెట్టగలదు?

చట్టము లోపించినదని చెప్ప వీలులేదు. 1957 నాటి కాపీరైటు చట్టములోని 19వ సెక్షను ననుసరించి హక్కుల బదిలీ వ్రాతమూలకముగ జరుగవలయును; ఏ హక్కు, ఎంతకాలము, ఏ ప్రాంతమునకు, రాయల్టీ ఎంత యనునవి పత్రమున నుండవలయును. కాలము పేర్కొననిచో 5 ఏండ్లుగా నెంచబడును. 2012 నాటి సవరణ చలనచిత్ర రచయితలకును రాయల్టీలో భాగము కల్పించినది. చట్ట మున్నది, అడుగువాడు లేడు. అడిగినచో మరల అచ్చువేయరను భయ మొకటి. సరస్వతిని అమ్ముకొనుచున్నాడను నింద మరియొకటి. సంగీతము నేర్పు గురువు దక్షిణ గైకొనును, వకీలు ఫీజు గైకొనును. వారికి లేని నింద కలము పట్టినవానికేల?

తెలుగు పుస్తకములు కొనువారు తక్కువయని ప్రకాశకులు చెప్పు మాట అసత్యము కాదు. ఐనను తక్కువ అమ్మకములోనైనను న్యాయమైన వంతు గలదు. 200 రూపాయల గ్రంథము 500 ప్రతు లమ్ముడుపోయినదనుకొందము. వచ్చిన లక్షలో నూటికి పదివంతున రచయితకు 10,000 రూపాయలు. ఇది సంసారము నడుపదు. కాని ఆతని శ్రమకు వెల గలదని ఒప్పుకొనును. ఆ ఒప్పుదల లేనిచో వేరు జీవనాధారము గలవారే వ్రాయగలరు. రైతుబిడ్డయు, కూలివాని బిడ్డయు కలము పారవేయుదురు. అప్పుడు నష్టపడునది భాషయే.

కావున ప్రకాశకులు వ్రాతపూర్వకమైన ఒడంబడిక చేసి, ఏటేట లెక్క చూపవలయును. పత్రికలు తమ పారితోషికమును ముందుగ ప్రకటింపవలయును. సభలవారు శాలువతోడనే దారిఖర్చును, ప్రసంగమునకు తగిన ప్రతిఫలమును ఇయ్యవలయును. పల్లెలలోని భూవసతిగలవారును, పట్టణములలోని విద్యావంతులును రచయితను ఉచితప్రతి యడుగుట మాని, వెలయిచ్చి కొనవలయును. ధాన్యము పండించినవానికి గిట్టుబాటు ధర కావలెనని కోరువారు, గ్రంథము పండించినవానికి వేరొక న్యాయము చెప్పరాదు.