తుపాకీకి ముందు దశరథుడి కథ

నవంబరు వచ్చిందంటే విస్కాన్సిన్ అంతా నారింజ రంగే. థ్యాంక్స్‌గివింగ్‌కి ముందు శనివారం జింకల వేట మొదలవుతుంది. తుపాకీ సీజన్ 9 రోజులు. పెట్రోల్ బంకులో, కాఫీ షాపులో, ఎక్కడ చూసినా మెరిసిపోయే జాకెట్లే. చెట్ల మధ్య మనిషిని చూసి జింక అనుకోకూడదని 1980లో ఆ రంగు తప్పనిసరి చేశారు.

ఇలాంటి చోట పెరుగుతున్న మావాడికి పన్నెండేళ్లు. పక్కింటి పెద్దాయన తన పొలంలో వేటకి రమ్మంటే "వెళ్తా నాన్నా" అన్నాడు. వీడియో కాల్‌లో మా అమ్మ వినేసింది. "నోరులేని జీవిరా, ఉసురు తగుల్తుంది" అంది.

అమ్మ మాట కొట్టిపారేసేది కాదు. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం జింకని వేటాడితే జైలే. ఆంధ్రప్రదేశ్‌కి కృష్ణజింక, తెలంగాణకి జింక రాష్ట్ర జంతువులు కూడా. ఇక్కడ లెక్క వేరు. జింకలు మరీ పెరిగితే పంటలు మేసేస్తాయి, కార్లకి అడ్డం పడతాయి. అందుకే లైసెన్సు ఇచ్చి వేటాడనిస్తారు. 1937 నాటి చట్టం కింద తుపాకులు, తూటాల మీద వసూలు చేసే పన్ను వన్యప్రాణుల సంరక్షణకే వెళ్తుంది. వింతగా ఉంది కదా?

శిక్షణ కోర్సు చేయని పిల్లలు వేటకి వెళ్లాలంటే అనుభవమున్న పెద్దవాళ్లు చేయి చాస్తే అందేంత దూరంలో ఉండాలి. నేర్పే సూత్రాలు నాలుగు. ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకో. గొట్టాన్ని ఎప్పుడూ ప్రమాదం లేని వైపే ఉంచు. దేన్ని కొడుతున్నావో, దాని వెనక ఏముందో ఖాయం చేసుకో. పేల్చే క్షణం దాకా ట్రిగ్గర్ మీద వేలు వద్దు.

మూడోది వినగానే నాకు దశరథుడు గుర్తొచ్చాడు. చీకట్లో కుండ మునుగుతున్న చప్పుడు విని ఏనుగనుకుని బాణం వేశాడు. పోయింది శ్రవణకుమారుడు. ముందురోజు రాత్రి మావాడికి ఆ కథే చెప్పా.

తెల్లారేసరికి ముగ్గురం పొలంలో ఉన్నాం. రెండు గంటలు గడ్డకట్టే చలిలో కదలకుండా కూర్చున్నాక, మిట్ట మీద ఒక జింక ఆగింది. మావాడు గురిపెట్టి, మళ్లీ దించేశాడు. "వెనక ఆకాశమే ఉంది. అవతల ఏముందో కనబడట్లేదు" అన్నాడు గుసగుసగా. జింక వెళ్లిపోయింది. పెద్దాయన ఏమీ అనకుండా ఫ్లాస్కులోంచి హాట్ చాక్లెట్ పోసిచ్చాడు.

మధ్యాహ్నం ఇంకోటి వచ్చింది. దాని వెనక మట్టిగట్టు. ఒక్కటే దెబ్బ. దగ్గరికెళ్లి చెవి ముట్టుకుని "ఇంకా వెచ్చగా ఉంది" అని ఏడ్చేశాడు. పెద్దాయన ఆపలేదు. కాసేపయ్యాక కత్తి తీసి, పేగులు తీసి శుభ్రం చేయడం పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. నేను ఫోను తీస్తే మావాడు "ఫొటో వద్దు నాన్నా" అన్నాడు.

2002 నుంచి ఈ రాష్ట్రపు జింకల్లో మెదడుని తినేసే ఒక జబ్బు కనబడుతోంది. అందుకే శాంపిల్ పరీక్షకి ఇచ్చి, రిపోర్టు బాగుందన్నాకే మిరియాల వేపుడు చేశా. "పిల్లాడు తిన్నాడా?" అని అడిగింది అమ్మ. తిన్నాడు, ఒక్క ముక్క కూడా పారేయకుండా.

అమెరికాలో మీ అన్నయ్య పిల్లాణ్ని ఎవరైనా వేటకి పిలిస్తే, ఏ తుపాకీ అని కాదు, పక్కన కూర్చునేది ఎవరని ముందు అడగమనండి.