ఫిర్యాది లేని రొద

వీధిలో ధ్వనివర్ధకము మితిమీరి మ్రోగినచో దానిపై ఫిర్యాదు చేయువారుందురు. పొరుగింటి వృద్ధుడు నిద్రపట్టలేదనును, పరీక్షకు చదువుకొను విద్యార్థి పోలీసులకు కబురంపును, పత్రికలు వ్రాయును. కాని నేడు మన యింటిలోనే, మన ప్రక్క కుర్చీలోనే, మన బిడ్డల చెవులలో నంతకు తీసిపోని రొద గంటలకొలది మ్రోగుచున్నది. అది మనకు వినబడదు. వినువానికి బాధగా నుండదు. కావున దానిపై ఫిర్యాదు చేయువా డెవ్వడును లేడు. హెడ్‌ఫోనులవలన గల్గు ప్రమాదమును మనవా రింతవరకు లెక్కసేయకుండుటకు కారణ మిదియేయని మా యభిప్రాయము.

ఇది యే కొలదిమంది విలాసప్రియుల విషయమో కాదు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన యంచనా ప్రకారము, హెడ్‌ఫోనులద్వారాను వినోదస్థలములందును మితిమీరిన ధ్వనిని వినుటచే 110 కోట్లమంది యువజనుల వినికిడికి ముప్పు కలదు. 150 కోట్లకు పైబడిన జనులకు ఏదో యొక మేరకు వినికిడిలోపము కలదనియు, 2050 నాటికి ఆ సంఖ్య 250 కోట్లకు చేరవచ్చుననియు 2021లో ఆ సంస్థయే ప్రకటించినది. దీనికి గల కారణములు పెక్కులు. వార్ధక్యమును మనము ఆపజాలము. కాని రొదవలన వచ్చు చెవుడు మనము కోరి తెచ్చుకొనునది, పూర్తిగా నివారింపదగినది.

ఈ నష్ట మెట్లు గల్గునో తెలిసికొనుట యవసరము. లోచెవిలో నత్తగుల్లవంటి చిన్న యవయవ మొకటి కలదు. అందు సుమారు 15,000 రోమకణములు వరుసలుగా నమరియుండును. ధ్వని వచ్చినప్పు డివి కదలి, ఆ వార్తను నాడిద్వారా మెదడునకు చేర్చును. మితిమీరిన ధ్వని వీనిని త్రొక్కిన పచ్చికవలె వాల్చివేయును. విశ్రాంతి దొరకినచో గొన్ని తేరుకొనును. మరల మరల త్రొక్కినచో నశించును. పక్షులలో నీ కణములు తిరిగి మొలచును గాని మనుష్యునిలో మొలవవు. పంట పోయినచో వచ్చు నేటికి మరల విత్తుకొనవచ్చును. ఇచ్చట విత్తనములే లేవు. పుట్టుకతో వచ్చిన మూలధనమునే కడవరకు పొదుపుగ వాడుకొనవలెను.

మోసము మరియొకటి కలదు. పెండ్లి యూరేగింపులో డీజే పెట్టెల ప్రక్క నడచిన రాత్రి చెవులు దిబ్బెడవేసి గింగురుమనును, తెల్లవారుసరికి సరిపడినట్లుండును. సరిపడినదిగదా యని మనము మరచిపోవుదుము. కాని వినికిడి యెప్పటివలెనే యున్నట్లు తోచినను, రోమకణములకును నాడికిని నడుమ గల సంధులు చెడియుండవచ్చునని జంతువులపై జరిపిన పరిశోధనలు తెలుపుచున్నవి. ఆ గింగురు ప్రకృతి పంపు హెచ్చరిక. దానిని త్రోసిపుచ్చినవారిలో గొందరికి చెవిలోని హోరు జీవితాంతము విడువదు.

చెవుడనగా నేమియు వినబడకుండుటయని మనవారి తలంపు. రొదవలన వచ్చు చెవుడు అట్లుండదు. ఇది మొదట హెచ్చుశ్రుతి గల ధ్వనులను, అందును సెకనుకు నాలుగువేల కంపనముల ప్రాంతమున గల వానిని హరించును. అచ్చులు బాగుగనే వినబడును. స, ష, చ, త వంటి హల్లులు జారిపోవును. మాట వినబడును గాని తెలియదు. పసిపిల్లల పలుకులును, నలుగురు గూడిన చోట జరుగు సంభాషణయు ముందుగా దూరమగును. ‘నేను చెవిటివాడను గాను, మీరే నోట్లో నోట్లో మాటలాడుచున్నా’రని యతడు విసుగుకొనును. ఇట్టి స్థితి డెబ్బదియేండ్ల తాతకు వచ్చిన నింటిల్లిపాదియు సర్దుకొనును. ముప్పదియేండ్ల కుమారునకు వచ్చినచో వాని యుద్యోగ మేమి, సంసార మేమి కావలెను? కండ్లజోడు పెట్టుకొన్నట్లు యంత్రము పెట్టుకొనవచ్చునందురేమో. వినికిడి యంత్రము ధ్వనిని పెంచగలదు. పోయిన స్పష్టతను పూర్తిగా మరల తేజాలదు.

మరి యెంత ధ్వని హానికరము? ఇచ్చట రెండు లెక్కలు కలిపి చూడవలెను: ధ్వని యెంత, కాల మెంత. సామాన్యముగ నిద్దరు మాటలాడుకొనునప్పటి ధ్వని సుమారు 60 డెసిబెళ్లు. పెద్దలు వారమునకు 40 గంటలు 80 డెసిబెళ్లవరకు వినవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థయు, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘమును కలసి నిర్ణయించిన ప్రమాణము. పిల్లలకైనచో 75 మాత్రమే. పైకి పోవుకొలది ప్రతి 3 డెసిబెళ్లకును ధ్వనిశక్తి యినుమడించును. వినదగిన కాలము సగమగును. 90 డెసిబెళ్లవద్ద వారమునకు మిగులునది నాలుగు గంటలు. 100 వద్ద ఇరువది నిమిషములకు గొంచెము పైన. ఫోనును కడపటి మెట్టువరకు పెంచినచో నూరు దాటు సాధనములు బజారున సులభముగ దొరకును. ధ్వని పదిపాళ్లు పెంచినామని తలచువాడు తన వారపు వాటా నంతయు నొక్క బస్సు ప్రయాణములో ముగించుకొనుచున్నాడని యెరుగడు.

బస్సు ప్రయాణ మనుటలో మరియొక సంగతి యిమిడియున్నది. నిశ్శబ్దమైన గదిలో నెవ్వడును ఫోనును పూర్తిగా పెంచడు. ఇంజను మ్రోతయు, హారనుల కేకలును, వీధిలోని మైకుల గోలయు చెవిని గప్పుచుండగా, దానిని మించి వినుటకై పెంచును. బయటి రొదయే లోపలి రొదకు మూలము. కావున వీథుల శబ్దకాలుష్యమును, హెడ్‌ఫోనుల ప్రమాదమును వేర్వేరు సమస్యలుగ జూచుట పొరపాటు. 2000 నాటి శబ్దకాలుష్య నియమములు నివాసప్రాంతములందు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు మించరాదని విధించినవి. రాత్రి పదిగంటలు మొదలు ఉదయము ఆరుగంటలవరకు ధ్వనివర్ధకములు బహిరంగముగ వాడరాదన్నవి. 2005లో సుప్రీంకోర్టు వీని యమలునుగూర్చి గట్టిగ నాదేశించినది. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతసంబంధమైన యూరేగింపులలో డీజేలను నిషేధించిరి. ఇట్టి యుత్తరువులు కాగితములమీద నిలిచిపోక యమలు జరిగినచో, వీథిలోని వానికే గాక హెడ్‌ఫోను పెట్టుకొన్న వానికిని మేలు గల్గును.

కర్మాగారములోని శ్రామికుని చెవి విషయమున లోక మెట్లు మేల్కొనెనో స్మరించుట యుక్తము. 1886లో గ్లాస్గో నగరమున థామస్ బార్ అను వైద్యుడు బాయిలరు పనివారి వినికిడిని, ఉత్తరములు పంచువారి వినికిడితో పోల్చి, మొదటివారి కెంతటి నష్టము గల్గెనో చూపెను. అప్పటికి వారి చెవుడు వృత్తిధర్మముగ భావింపబడుచుండెను. చట్టములు వచ్చుటకు తరములు పట్టినది. మన దేశమున సైతము రొదచే వచ్చు వినికిడినష్టము 1948 నాటి కర్మాగారముల చట్టపు మూడవ షెడ్యూలులో వృత్తివ్యాధిగా తరువాత చేర్చబడినది. శ్రామికుడు కూలికై యా రొద భరించెను. మన పిల్లలు సొమ్ము చెల్లించి భరించుచున్నారు. వీరి విషయమునను తరములు వేచియుండవలెనా?

హెడ్‌ఫోనులను నిషేధింపుడని మేము కోరుటలేదు. మితముగ వాడినచో నవి యుపకారులే. ఇంటిలో నొకరి సంగీత మితరులకు భారము గాకుండ కాపాడును. దోషము సంగీతమునదియు గాదు. త్యాగరాజ కృతియైనను సినిమా పాటయైనను, కోచింగు వారి పాఠమైనను, చెవికి తెలిసినది ధ్వని పరిమాణమును కాలమును మాత్రమే. వసతిగృహములందు రాత్రి పొద్దుపోవువరకు పాఠములు వినువాడు, తాను పాటలు వినుటలేదుగదా యని ధైర్యముగ నుండరాదు.

పైని చెప్పిన ప్రమాణము 2019లో లోకమునకు ప్రకటింపబడినది. వినువాడు ఆ వారము తన వాటాలో నెంత వాడుకొనెనో లెక్కించి తెల్పుటయు, హద్దు దాటినచో హెచ్చరించుటయు, పిల్లల వాడుకను పెద్దలు కట్టడిచేయు వీలుండుటయు నందలి ముఖ్యాంశములు. కాని యది సలహారూపమైనది. ప్రభుత్వములు తమ చట్టముగ జేసికొన్నప్పుడే కట్టుబాటగును. మన దేశమున నమ్ముడగు ప్రతి ఫోనునకును ప్రతి హెడ్‌ఫోనునకును ఇది విధి కావలెను. హెచ్చరిక ఎక్కడో మూలనున్న మీటలో దాగియుండక, పెట్టెమీదను తెరమీదను తెలుగున గనబడవలెను. పాఠశాలలలో కండ్లతోబాటు చెవులనుగూడ పరీక్షించి, ఆ ఫలితమును తలిదండ్రులకు తెలుపవలెను.

ప్రభుత్వము చేయువరకు గృహస్థు వేచియుండనక్కరలేదు. ధ్వని పూర్తి కొలతలో నరువదిపాళ్లు మించనీయకుడు. గంటకొకసారి చెవులకు విశ్రాంతి నిండు. చెవిలో పెట్టుకొని నిద్రింపనీయకుడు. చేరెడు దూరమున నిలిచి మామూలుగ పిలిచినను బిడ్డ పలుకకున్నచో వానిని కోపింపక, ఆ ధ్వనిని తగ్గింపుడు. అటుపైని పలుకకున్నచో వైద్యునికి చూపుడు. అన్నిటికంటె ముఖ్యము, పెద్దలు తామే మితముగ విని చూపుట.

ఈ రొదకు ఫిర్యాదులేడని మొదట వ్రాసితిమి. వినుచున్న బిడ్డకు నొప్పి తెలియదు, పొరుగువారికి వినబడదు. తెలిసిన తలిదండ్రులే ఆ ఫిర్యాదులు కావలెను. ఆ పని నేడు చేయకున్నచో, ఇరువదియేండ్లకు పిమ్మట మన పిలుపు బిడ్డల చెవులకు సరిగ చేరదు.