చెరసాల విడిచిన తరువాత



యోసేపు కథ మన ఇండ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయితే అతడు చెరసాలలో ఎంత ఓర్చుకున్నాడో చెప్పుకున్నంతగా, ధాన్యపు కొట్లు చేతికి వచ్చాక ఏమి చేశాడో చెప్పుకోము. ఓర్పు ఒక పరీక్ష, అధికారం మరొక పరీక్ష. ఈ రెండూ చూసిన మనిషి ఒకరు మన ప్రాంతంలోనే ఉన్నారు. ఆయన టంగుటూరి ప్రకాశం పంతులు గారు.

ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో 1872లో పుట్టారు. తండ్రి పోతే తల్లి సుబ్బమ్మ గారు పూటకూళ్ళ ఇల్లు నడిపి పెంచారు. మద్రాసులో బారిస్టరుగా లక్షలు గడించి, ఆ సొమ్మంతా స్వరాజ్య పత్రికకూ ఉద్యమానికీ పోశారు. 1928లో పోలీసు తుపాకికి రొమ్ము చూపిన సంగతి మీరు బడి పుస్తకంలోనే చదివారు.

1942లో ఆయనను మళ్ళీ జైలులో పెట్టారు. అప్పటికి ఆయనకు డెబ్బై ఏండ్లు. మూడేండ్ల తరువాత 1945లో బయటికి వచ్చారు. ఆ వయసులో మన ఊళ్ళలో పెద్దలు పొలం కొడుకులకు అప్పగించి అరుగు మీద కూర్చుంటారు.

చెరసాల అందరినీ ఒకే తీరున బయటికి పంపదు. 1921లో మా చీరాల, పేరాల ప్రజలు మునిసిపల్ పన్ను కట్టబోమని ఇండ్లు వదిలి, రామనగరంలో పందిళ్ళు వేసుకుని పదకొండు నెలలు ఉన్నారు. వారిని నడిపించిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారికి ఏడాది జైలు పడింది. నాయకుడు లోపల ఉండగా ప్రజలు అలసి ఇండ్లకు తిరిగి వచ్చారు. ఆయన 1928లో, నలభై ఏండ్లైనా నిండకుండానే కన్నుమూశారు.

ప్రకాశం గారు మాత్రం విడుదలైన మరుసటి ఏడే, 1946 ఏప్రిల్ 30న, మద్రాసు రాష్ట్ర ప్రభుత్వానికి పెద్ద అయ్యారు. శ్రీకాకుళం నుండి తిరునెల్వేలి దాకా ఆయన పాలన. గ్రామాల బాగుకు ఫిర్కా అభివృద్ధి పథకం పెట్టారు. కొత్త నూలు మిల్లులు వద్దు, ఊరూరా రాట్నం తిరగాలి అన్నారు. ఆశయం మంచిదే. కాని చేనేత ఇండ్లున్న చీరాలలో ఉండి మేము ఒక మాట చెప్పక తప్పదు. మగ్గానికి కావలసిన నూలు చాలామట్టుకు మిల్లు నుండే వచ్చేది. రాట్నం నూలుతో అన్ని మగ్గాలు ఆడవు. ఎందరు వద్దన్నా ఆయన వినలేదు. పదకొండు నెలలకే, 1947 మార్చిలో, సొంత పార్టీ వారే ఆయనను దింపారు. జైలులో ఆయనను నిలబెట్టిన మొండితనమే కుర్చీలో ఆయనకు ఎదురు తిరిగిందని మాకు తోస్తుంది.

దక్షిణాఫ్రికాలో నెల్సన్ మండేలా గారు ఇరవై ఏడేండ్లు బందీగా ఉండి 1990లో విడుదలయ్యారు. 1994లో అధ్యక్షుడై, తమను బంధించిన ప్రభుత్వానికి చివరి అధ్యక్షుడైన డి క్లర్క్ గారిని ఉపాధ్యక్షులలో ఒకరిగా పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆ నేర్పు పంతులు గారికి తక్కువే.

అయినా పడిన చోటనే ఉండిపోలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు, ఎనభై ఒకటో ఏట, తాము విడిచి వచ్చిన కాంగ్రెసు వారితోనే కలిసి కర్నూలులో మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. 1952లో తెగిన కృష్ణా ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజి పని 1954లో ఆయన హయాంలోనే మొదలైంది. పశ్చిమ కాలువల కింద సేద్యం చేసే మన కుటుంబాలకు దాని విలువ తెలుసు. ఆ ఏడు నవంబరులో మద్యనిషేధం వ్యవహారం మీద ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. సారా సంగతి మన సంఘ స్త్రీలకు మేము విడమరచి చెప్పనక్కరలేదు.

"నేను ఇంత కష్టపడ్డాను, నాకే ఓటు వేయండి" అనేవారు ఊరి ఎన్నికలలోనే కాదు, సంఘ పెద్దల ఎన్నికలలోనూ ఉంటారు. పడ్డ కష్టానికి వడ్డీ కట్టి జనం దగ్గర వసూలు చేస్తారు. పంతులు గారు రెండుసార్లు గద్దె ఎక్కి దిగినా, చివరికి ఆయన దగ్గర ఆస్తి అంటూ ఏమీ మిగలలేదు.

1957 వేసవిలో, ఎనభై నాలుగేండ్ల వయసులో, ఒంగోలు ప్రాంతంలో హరిజనవాడ చూడబోయి వడదెబ్బ తగిలి మంచం పట్టారు. మే 20న హైదరాబాదులో చనిపోయారు.