ఏం బాబూ, ఏమైనా కావాలా?

మొన్న మా హాస్టల్ మెస్‌లో మామిడికాయ పప్పు బాగా కుదిరింది. తినేసి వెళ్తూ వంట చేసే అక్కతో, "అక్కా, ఇవాళ పప్పు అదిరింది. పోపులో వెల్లుల్లి భలే వేగింది" అన్నాను. ఆవిడ గరిటె ఆపి నా వంక అనుమానంగా చూసింది. "ఏం బాబూ, ఏమైనా కావాలా?" అంది.

అప్పుడు నవ్వొచ్చింది గానీ, రూమ్‌కి వచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. తప్పు ఆవిడది కాదు, పొగడ్తని మనం వాడే పద్ధతి అలా ఉంది. రికార్డు మీద సంతకం కావాలంటే "మీ క్లాస్ సూపర్ సార్". అసైన్‌మెంట్ కాపీ కొట్టాలంటే "నీ రాత ముత్యాలే మావా". కాకా పట్టడం, సోపు వేయడం, మునగచెట్టు ఎక్కించడం... ఇన్ని పేర్లు పెట్టుకున్నామంటే పొగడ్త మీద మనకెంత అపనమ్మకమో చూడండి.

ఇళ్లల్లో ఇంకో రకం. ఎదురుగా మెచ్చుకుంటే దిష్టి తగులుతుందట. పిల్లల్ని మెచ్చుకుంటే నెత్తికెక్కుతారట. కొడుకు పుట్టినప్పుడు కాదు, జనం ఆ కొడుకుని పొగిడినప్పుడే తండ్రికి అసలైన సంతోషమని సుమతీ శతకం చెప్తుంది. నిజమే. మరి ఆ తండ్రిని ఎవరు పొగడాలి?

నా సంగతే చెప్తాను. మా నాన్న టైలర్. ఫ్రెషర్స్ డేకి నాకో నీలం చొక్కా కుట్టి పంపాడు. అది వేసుకెళ్తే ఒక సీనియర్ ఆపి మరీ, "ఫిటింగ్ కేక రా, ఎక్కడ కొన్నావ్?" అని అడిగాడు. నేను "ఆన్‌లైన్‌లో అన్నా" అన్నాను. మా నాన్న కుట్టాడని చెప్పడానికి నామోషీ అనిపించింది. నాన్నకి చేరాల్సిన మెప్పుని మధ్యలో నేనే మింగేశాను. రెండేళ్లయింది, ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

అందుకే నాకనిపించేది ఇది. మెప్పు కూడా బాకీ లాంటిదే. ఎవరిది వాళ్లకి అందించాలి. అదీ పని పూర్తయ్యాక, మనకేమీ అక్కర్లేనప్పుడు చెప్పాలి. ఏది నచ్చిందో విడమరిచి చెప్పాలి. ఫొటో చూడకుండానే అందరికీ పెట్టే "నైస్ బ్రో" ఎవరికీ చెందదు. వెల్లుల్లి వేగిందని చెప్పాలంటే మాత్రం మనసుపెట్టి తిని ఉండాలి. మనం వాడే "శభాష్" పారసీ నుంచి వచ్చింది. దాని మూలార్థం "సంతోషంగా ఉండు" అని. అంటే అది దీవెన, అర్జీ కాదు.

నిన్న రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. "నాన్నా, ఆ నీలం చొక్కా కాలర్ ఇప్పటికీ నిలబడే ఉంది. నీలా ఎవరూ కుట్టలేరు" అన్నాను. అవతల కాసేపు మిషను చప్పుడు ఆగింది.

"అందులో మంచి బక్రం వేశాన్లే" అన్నాడు. మళ్లీ కాసేపాగి, "ఏరా, డబ్బులేమైనా కావాలా?" అన్నాడు.

ఏమీ వద్దు నాన్నా అన్నాను. నమ్మినట్టు లేడు. వచ్చే వారం మళ్లీ చెప్పాలి.