సింహాసనం వద్దు, గోనెపట్టా చాలు

బంగారు సింహాసనం మీద కూర్చోబెట్టినా కుక్కకు పాతగుణం పోదని సుమతీ శతకం మనకు చిన్ననాడే చెప్పింది. చాలాకాలం ఆ మాటను నమ్మాను. మా చుక్క ఇంటికి వచ్చిన తరువాతనే నాకు అనుమానం మొదలైంది.

చుక్క వీధిలో పుట్టిన కుక్క. వచ్చిన కొత్తలో దానికి కుదురన్నది లేదు. గిన్నె చప్పుడైతే లేచేది. తలుపు గంట మోగితే ఇల్లు దద్దరిల్లేలా మొరిగేది. గద్దించి చూశాను, ఫలించలేదు. చివరకు బాల్కనీలో గొలుసుతో కట్టేశాను. ఇల్లు నిశ్శబ్దమైంది గాని కుక్క శాంతించలేదు. గొలుసు అందినంత మేర అటూయిటూ తిరుగుతూనే ఉండేది. మరీ పొట్టి గొలుసుతో జంతువును గంటల తరబడి కట్టి ఉంచడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరమని తరువాత చదివి సిగ్గుపడ్డాను.

అది మొరిగినప్పుడల్లా నేను పలికాను. మౌనంగా పడుకొన్నప్పుడు ఒక్కసారైనా పట్టించుకొన్నానా? లేదు. అల్లరి చేస్తేనే యజమాని చూపు దక్కుతుందని దానికి నేర్పిన గురువును నేనే.

కేరెన్ ఓవరాల్ అనే అమెరికా పశువైద్యురాలు ఇందుకోసం 15 రోజుల పాఠక్రమం ఒకటి రూపొందించారు. మొదట కుక్క కొన్ని సెకన్లు కుదురుగా ఉంటే చాలు, చిన్న తాయిలం. తరువాత మనం ఒక అడుగు వెనక్కి వేసినా, చప్పట్లు కొట్టినా, గంట మోగించినా కదలకుండా ఉండాలి. కష్టం మెట్టుమెట్టుగా పెరుగుతుంది.

నేను హాల్లో ఒక మూల గోనెపట్టా పరిచాను. ఉదయపు షికారు ముగిశాక చుక్క తనంతట తాను దాని మీద పడుకొంటే, ముందుకాళ్ల మధ్య ఉడికించిన మాంసపు తునక ఒకటి ఉంచేవాణ్ణి. పొగడ్తలు లేవు, పొగిడితే లేచి గంతులు వేస్తుంది. గంట చప్పుడుకు లేచి పరుగెత్తిన నాడు మళ్లీ కింది మెట్టుకు దిగేవాళ్లం. ఒకనాడు అది తుంటిని పక్కకు వాల్చి, గడ్డం నేలకు ఆనించి, దీర్ఘంగా నిట్టూర్చింది. ఆజ్ఞకు లొంగి పడుకోవడం వేరనీ, మనసు కుదుటపడి పడుకోవడం వేరనీ ఆనాడు తెలిసింది.

మాకు 15 రోజులు చాలలేదు, రెండు నెలలు పట్టింది. ఇప్పటికీ గంట మోగితే ఒకసారి మొరుగుతుంది. ఆపై తన పట్టా మీదికి పోతుంది.

తిరగడానికి షికారు, నమలడానికి ఏదైనా, కలత లేని నిద్ర ఇవ్వకుండా కుదురుగా ఉండమనడం అన్యాయమని నా అభిప్రాయం. నెమ్మదిగా ఉండే కుక్క ఉన్నట్టుండి అస్థిమితమైతే మాత్రం అది అల్లరి కాకపోవచ్చు, నొప్పి కావచ్చు. అప్పుడు వెళ్లవలసింది పశువైద్యుని వద్దకు.

శతకకారుడు చెప్పినది మనుషుల గురించేనని నాకు తెలుసు. అయినా చుక్క తరఫున ఒక్క ప్రశ్న: కుక్కను సింహాసనం ఎక్కించినవారు, అక్కడ ఎలా కూర్చోవాలో దానికి ఎన్నడైనా నేర్పారా?