చేతికొచ్చేదెంతో రాసివ్వాలి

24 లక్షల ప్యాకేజీ అనగానే ఎవరైనా పన్నెండుతో భాగించి నెలకు 2 లక్షలనుకుంటారు. సంబంధం మాట్లాడే పెద్దలూ అలాగే అనుకుంటారు. ఫ్లాటు చూపించడానికి తెల్లాపూర్ తీసుకెళ్లే బిల్డర్ మనిషీ అలాగే అనుకుంటాడు. ఆఫర్ లెటర్ అందుకున్న ఇంజినీరు కూడా మొదటి జీతం బ్యాంకులో పడేదాకా ఆ లెక్కలోనే ఉంటాడు. తీరా పడేది 1,34,000 చిల్లర. మిగతా 65 వేలు ఏమయ్యాయో విడమరచి చెప్పగలిగినవారు ఆ కంపెనీలో ఉంటారు. సంతకానికి ముందు చెప్పి తీరాలన్న నిర్బంధం మాత్రం వారికి లేదు. ఆ నిర్బంధం రావాలి. నెలనెలా కచ్చితంగా చేతికి అందే మొత్తాన్ని నియామక పత్రం మొదటి పేజీలోనే రూపాయల్లో రాసివ్వాలని ఈ పత్రిక కోరుతోంది.

లెక్క వేసి చూద్దాం. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఉద్యోగం, ఏడాదికి 24 లక్షల సీటీసీ, అందులో సగం బేసిక్ అనుకుందాం. అంటే నెలకు లక్ష బేసిక్. మొత్తంలో పదో వంతు, 2,40,000 రూపాయలు, వేరియబుల్ పే. బేసిక్ మీద 12 శాతం చొప్పున కంపెనీ కట్టే పీఎఫ్ 1,44,000. గ్రాట్యుటీ పేరిట 4.81 శాతం, అంటే 57,720. గ్రూపు ఆరోగ్య బీమా ప్రీమియం 18,280 అనుకుంటే, పేస్లిప్పులో సంపాదన కిందికి రాకముందే 4,60,000 పక్కకు పోయాయి. మిగిలిన 19,40,000లో ఉద్యోగి వాటా పీఎఫ్ మరో 1,44,000, వృత్తి పన్ను నెలకు 200 చొప్పున 2,400. ఇక ఆదాయపు పన్ను. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త విధానంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ తీసేసి శ్లాబుల ప్రకారం లెక్కిస్తే సెస్సుతో కలిపి 1,79,920. ఇవన్నీ పోగా నెలకు ఖాతాలో పడేది 1,34,473 రూపాయలు.

జీతం తగ్గిందని అందరూ తిట్టుకునేది పన్నునే. కానీ ఈ లెక్కలో పన్ను నెలకు 15 వేల లోపే, తేడాలో నాలుగో వంతుకు కూడా చేరదు. 24 వేలు పీఎఫ్. అది ఎక్కడికీ పోలేదు. కంపెనీ వాటాలోంచి పింఛను పథకానికి వెళ్లే 1,250 మినహా మిగిలినదంతా ఉద్యోగి ఖాతాలోనే జమై, 2024-25లో ప్రకటించినట్టు 8.25 శాతం వంటి వడ్డీతో పెరుగుతుంది. చేతికి రాకపోయినా అది పొదుపు. మన అభ్యంతరం పీఎఫ్ మీద కాదు, కంపెనీ తన వాటాను కూడా జీతమని చెప్పుకోవడం మీద. యజమాని వాటాను కార్మికుడి వేతనంలోంచి మినహాయించకూడదని 1952 నాటి పీఎఫ్ పథకం స్పష్టంగా చెప్పింది. దాన్ని ముందుగానే ప్యాకేజీలో కలిపేసి చూపించడం ఆ నిబంధనను నేరుగా ఉల్లంఘించినట్టు కాకపోవచ్చు. దాని ఉద్దేశాన్ని మాత్రం వమ్ము చేస్తోంది.

గ్రాట్యుటీ సంగతి మరీ అన్యాయం. 1972 చట్టం నాటి నుంచీ ఐదేళ్ల సర్వీసు ఉంటేనే ఆ డబ్బు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు నిర్ణీత కాలపు ఒప్పందంపై పనిచేసేవారికి ఏడాదికే ఆ హక్కు ఇచ్చాయి గానీ పర్మినెంటు ఉద్యోగులకు ఐదేళ్ల నియమం అలాగే ఉంది. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో రెండు మూడేళ్లకోసారి కంపెనీ మారేవారు వేలల్లో ఉన్నారు. పదేళ్లలో నాలుగు ఆఫర్ లెటర్లు అందుకున్న మనిషికి నాలుగింటిలోనూ గ్రాట్యుటీ అంకె కనిపించింది, ఒక్కసారైనా ఆ డబ్బు కనిపించలేదు. రాని సొమ్మును జీతంగా చూపి మనిషిని ఉద్యోగంలోకి పిలవడం మోసమనే మేం భావిస్తున్నాం. వేరియబుల్ పే కూడా ఈ కోవలోదే. కంపెనీ లాభాలు, మేనేజరు ఇచ్చే రేటింగు, ఆ ఏడాది యాజమాన్యం నిర్ణయం కలిసొస్తేనే అది పూర్తిగా వస్తుంది. జాయినింగ్ బోనస్ మొదటి ఏడాది ప్యాకేజీని లావుగా చూపించి రెండో ఏడు మాయమవుతుంది.

ఇంకో చిక్కు ఉంది. చట్టప్రకారం పీఎఫ్ తప్పనిసరి పరిమితి నెలకు 15 వేల వేతనమే కాబట్టి కొన్ని కంపెనీలు రెండు వైపులా 1,800 చొప్పునే కడతాయి. అలాంటి చోట అదే 24 లక్షలకు చేతికొచ్చేది పైలెక్క కన్నా బాగా ఎక్కువ. రెండు ఆఫర్లు పక్కపక్కన పెట్టుకుని చేతికెక్కువొచ్చే దాన్ని ఎంచుకునే యువకుడు, తన అరవయ్యో ఏట రావలసిన డబ్బును ఇప్పుడే తీసుకుంటున్నానని గ్రహించి ఎంచుకుంటే తప్పు లేదు. గ్రహించడానికి అవసరమైన కాగితమే అతని చేతిలో ఉండటం లేదు.

ఒక తరం వెనక్కి వెళ్లి చూస్తే, జిల్లా పరిషత్ హైస్కూల్లో పాఠాలు చెప్పిన తండ్రికి తన బేసిక్ ఎంతో తెలుసు, ఎన్ని డీఏలు బకాయి ఉన్నాయో తెలుసు. జీపీఎఫ్‌కు ఎంత కోస్తారో, ప్రభుత్వ జీవిత బీమాకు ఎంత కోస్తారో, పీఆర్సీ ఫిట్‌మెంట్ ఒక్క శాతం పెరిగితే చేతికి ఎంత అదనంగా వస్తుందో స్టాఫ్ రూములో నోటి లెక్కగా చెప్పేవాడు. ఒకటో తారీఖు రాత్రి పాలవాడికింత, కిరాణా కొట్టుకింత, చిట్టీకింత అని పద్దు రాసుకున్నాకే మిగిలింది ముట్టుకునేవాడు. ఆయన కొడుకో కూతురో ఇవాళ అంతకు ఎన్నో రెట్లు సంపాదిస్తూ తమ పేస్లిప్పును రుణం దరఖాస్తుకు జతచేసేటప్పుడు తప్ప తెరిచి చూడటం లేదు. పిల్లల తెలివి తగ్గలేదు. ఆ తండ్రి జీతం జీవో రూపంలో అందరికీ తెలిసేలా వచ్చేది, ఈ పిల్లల జీతం ప్యాకేజీ అనే ఒకే ముద్దగా వస్తోంది.

ముద్దగా వచ్చిన అంకె చేసే చేటు ఇల్లు కొనేటప్పుడు బయటపడుతుంది. కోటి రూపాయల ఫ్లాటుకు 75 లక్షల అప్పు, 8 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుంటే ఈఎంఐ 62,733. నెలకు 2 లక్షల జీతమనుకున్నవాడికి అది మూడో వంతు లోపే, హాయిగా కట్టేయొచ్చనిపిస్తుంది. నిజంగా చేతికొచ్చే 1,34,473తో పోలిస్తే దాదాపు సగం. ఇరవై ఏళ్లలో కట్టే వడ్డీ 75 లక్షలు దాటుతుంది, అంటే అప్పు ఎంతో వడ్డీ అంతే. దీనికి ముందు సొంతంగా పెట్టాల్సిన 25 లక్షలున్నాయి. నిర్మాణంలో ఉన్న ఫ్లాటైతే 5 శాతం జీఎస్టీ, ఆపైన రిజిస్ట్రేషన్ ఖర్చులు. వాటికి చేతిలో డబ్బు చాలక పర్సనల్ లోన్ తీసుకుని, గృహప్రవేశం రోజుకే రెండు ఈఎంఐలతో మొదలైన కుటుంబాలు కొండాపూర్ నుంచి కొల్లూరు దాకా ప్రతి గేటెడ్ కమ్యూనిటీలో ఉన్నాయి.

ఈఎంఐ పోగా మన లెక్కలోని ఇంటికి మిగిలింది 71,740. ఇక్కడే చాలామంది మరచిపోయే పద్దు ఒకటుంది: ఏడాదికోసారో రెండుసార్లో వచ్చిపడే ఖర్చులు. టర్ము టర్ముకూ స్కూలు ఫీజు, కారు బీమా, అమ్మానాన్నల ఆరోగ్య బీమా, ఇంటి పన్ను, సంక్రాంతికి ఊరికెళ్లి రావడం, బంధువుల పెళ్లిళ్లలో చదివింపులు, చీరలు, శ్రావణమాసంలో కాస్త బంగారం. ఇవేవీ అనుకోకుండా వచ్చేవి కావు. సంక్రాంతి జనవరిలో వస్తుందనీ జూన్‌లో బడి తెరుస్తారనీ అందరికీ తెలుసు. అయినా వచ్చిన ప్రతిసారీ ఉలిక్కిపడి క్రెడిట్ కార్డు గీస్తున్నాం. ఇవన్నీ కలిపి ఏడాదికి 3,60,000 అనుకుంటే నెలకు 30 వేలు, జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి వెళ్లిపోవాలి. అలా తీసేస్తే మిగిలింది 41,740. పాలు, కూరగాయలు, పచారీ సామాను, పెట్రోలు, కరెంటు, పనమ్మాయి జీతం, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్, ఊళ్లో పెద్దవాళ్లకు పంపేది, అన్నీ అందులోనే. 24 లక్షల ప్యాకేజీ ఇంట్లో ఇరవయ్యో తారీఖుకే చేయి ఎందుకు బిగుసుకుపోతోందో ఇప్పుడు అర్థమవుతుంది. కార్డు బిల్లులో కనీస మొత్తం మాత్రమే కట్టి వదిలేస్తే మిగిలిన దానిపై నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ. ఊళ్లో వడ్డీ వ్యాపారి రెండు రూపాయల వడ్డీ అడిగితే ముక్కున వేలేసుకునే మనమే దాన్ని కడుతున్నాం.

పన్ను విషయంలోనూ పాత అలవాట్లు డబ్బు పోగొడుతున్నాయి. జనవరి నుంచి మార్చి దాకా పన్ను మిగులుతుందని చెప్పి బీమా పాలసీలు అంటగట్టే ఆనవాయితీ ఇంకా నడుస్తోంది. కొత్త విధానంలో ఉన్నవారికి ఆ పాలసీ ప్రీమియంపై పన్ను మినహాయింపే లేదు. కుటుంబానికి రక్షణ కావాలంటే టర్ము పాలసీ వేరు, పన్ను కోసమని కొనేది వేరు. ఏడాది మధ్యలో కంపెనీ మారేవారికి మరో ప్రమాదం. పాత జీతం వివరాలు కొత్త కంపెనీకి ఇవ్వకపోతే రెండు చోట్లా తొలి 4 లక్షలకు సున్నా శ్లాబు, రెండు చోట్లా 75 వేల తగ్గింపు వేసుకుని తక్కువ పన్ను కోస్తారు. కొన్ని నెలలు జీతం పెరిగినట్టే ఉంటుంది. రిటర్ను వేసే జులైలో ఆ బాకీ వడ్డీతో సహా ఒకేసారి మీద పడుతుంది.

నెలకు లక్షకు పైగా సంపాదించేవారి బాధలకు సంపాదకీయం ఎందుకని అడిగేవారుంటారు. న్యాయమైన ప్రశ్నే. కౌలు రైతు కష్టంతో, డెలివరీ కుర్రాడి కష్టంతో దీన్ని ఎవరూ పోల్చడం లేదు. కానీ ఇదే సీటీసీ మాయ, 4 లక్షల ప్యాకేజీతో అనంతపురం నుంచో కరీంనగర్ నుంచో వచ్చి అమీర్‌పేట హాస్టల్లో దిగే పిల్లను మరింత గట్టిగా దెబ్బతీస్తుంది. నెలకు 33 వేలు వస్తాయని ఇంట్లో మాట ఇచ్చి, చెల్లి ఫీజు తాను కడతానని ఒప్పుకుని వచ్చిన ఆమెకు, కోతలు పోగా వేలల్లో వచ్చే తేడా విలాసాల్లోంచి కాదు, తిండిలోంచి పోతుంది. 24 లక్షలవాడికి సర్దుకునే వీలుంది. ఆమెకు లేదు.

కాబట్టి ప్రభుత్వాలు కదలాలి. కొత్త కార్మిక కోడ్‌లు ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం, వేతన చీటీ తప్పనిసరి చేశాయి. అలవెన్సులు మొత్తంలో సగం దాటితే దాటిన భాగాన్ని వేతనంగానే పరిగణించాలన్నాయి. కార్మిక విషయాలు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి గనుక నిబంధనలు రాసే అధికారం రాష్ట్రాలకూ ఉంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు తమ నిబంధనల్లో ఒక పట్టిక చేర్చాలి: నెలనెలా ఖాతాలో పడే మొత్తం ముందు, ఉద్యోగి పేరిట జమయ్యే పీఎఫ్ తర్వాత, షరతులతో వచ్చేవి అన్నిటికన్నా చివర. గ్రాట్యుటీని, కంపెనీ పీఎఫ్ వాటాను జీతం మొత్తంలో కలిపి చెప్పడాన్ని నిషేధించాలి. ఇంజినీరింగ్ కాలేజీలు ప్లేస్‌మెంట్ ప్రకటనల్లో ప్యాకేజీ వేస్తే పక్కనే అదే సైజు అక్షరాల్లో చేతికొచ్చే జీతం కూడా వేయాలి. ఆ ప్రకటనలు అచ్చువేసే పత్రికలకూ ఇందులో బాధ్యత ఉంది.

నిబంధనలు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఉద్యోగం మారుతున్నవారు, ఇంక్రిమెంటు లెటర్ అందుకోబోతున్నవారు హెచ్‌ఆర్‌ను ఒక ప్రశ్న ఈమెయిల్లో అడగండి: వేరియబుల్ లేకుండా, పన్నూ పీఎఫ్ పోగా, వచ్చే నెల నా ఖాతాలో ఎన్ని రూపాయలు పడతాయి? జవాబు రాతపూర్వకంగా వచ్చాకే సంతకం చేయండి. ఇల్లు చూడటానికి వెళ్లేది ఆ తర్వాతి ఆదివారం.