నటులు మారినా నాటక సమాజం నిలుస్తుందా?

కళాకారుని ఆయుర్దాయం పరిమితం. కళకు ఆ పరిమితి లేదు. ఈ మాటను సభలలో తరచు వింటూనే ఉంటాము. కాని గాయకుడు గతించిన తరువాత అతని పాట, నటుడు గతించిన తరువాత అతని పాత్ర ఎవరి ద్వారా, ఏ రూపంలో నిలుస్తాయని ప్రశ్నించేవారు తక్కువ. బృందంగా ప్రదర్శించే కళల విషయంలో ఈ ప్రశ్న మరింత జటిలమైనది. పేరు ఒక్కటే ఉంటుంది. మనుషులు మారుతూ ఉంటారు. అప్పుడు మనం చూస్తున్నది ఆ పాత బృందాన్నేనా, లేక ఆ పేరు ధరించిన మరొక బృందాన్నా? ఈ ప్రశ్నకు నూరేళ్ళకు పైబడి ఆచరణలో సమాధానం చెబుతూ వచ్చిన సంస్థ మన కడప జిల్లాలోనే పుట్టింది. అదే సురభి.

1885లో ఈ జిల్లాలోని సురభి గ్రామంలో ఒక వివాహ సందర్భాన వనారస గోవిందరావుగారి కుటుంబంవారు ‘కీచకవధ’ నాటకం ఆడారు. వారు అంతకు ముందు తోలుబొమ్మలాట ఆడేవారు. మరాఠీ మూలాలు కలవారు. తెర వెనుక నిలిచి బొమ్మకు గొంతు అరువిచ్చినవారు ఆనాడు తామే వేషం కట్టి తెర ముందుకు వచ్చారు. ఆ ఊరి పేరే వారికి ఇంటిపేరయింది. స్త్రీ పాత్రలను పురుషులే ధరించే ఆ రోజులలో సురభివారి ఇంటి ఆడపడుచులు రంగస్థలం ఎక్కారు. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా నటించిన కమలాబాయి సురభి బిడ్డే. తెలుగు వెండితెరకు తొలి కథానాయికను అందించిన ఘనత ఈ నాటక కుటుంబానిదని మన విద్యార్థులలో ఎందరికి తెలుసు?

సురభిలో నటవర్గం మారే పద్ధతి పరిశీలింపదగినది. అక్కడ బయటివారిని పిలిచి ఖాళీని పూరించడం అరుదు. చంటిబిడ్డ బాలకృష్ణుడుగా రంగస్థలం మీదికి వస్తాడు. కాస్త ఎదిగి ప్రహ్లాదుడో లోహితాస్యుడో అవుతాడు. మీసం మొలిచాక అభిమన్యుడవుతాడు. ఆ తరువాత కృష్ణుడు, మరికొన్నేళ్ళకు ధర్మరాజు. పళ్ళూడిన తరువాత కూడా అతనికి పని ఉంటుంది: హార్మోనియం మెట్లు నొక్కవచ్చు, తెర తాడు లాగవచ్చు, మనుమడి పద్యంలో తప్పు దిద్దవచ్చు. రాత్రి రాజవేషం వేసినవాడే మరునాటి ఉదయం గుంజలు పాతుతాడు. అందుచేత ఒక నటుడు తప్పుకొన్నప్పుడు ఆ పాత్ర అనాథ కాదు. పక్కన నిలబడి వేయి సార్లు విన్నవాడు ఒకడు సిద్ధంగా ఉంటాడు. కుటుంబం పెరిగినకొద్దీ ఒక సమాజం రెండుగా, రెండు నాలుగుగా చీలాయి. ఒక దశలో ఈ సమాజాల సంఖ్య ముప్పైకి మించింది. ఆ చీలిక విత్తనం చల్లడం వంటిది.

వారి సంచారం కూడా విశిష్టమైనదే. ఇతర సమాజాలు నటులను తీసుకొని వెళ్ళేవి. సురభివారు సంసారాలనే తరలించుకొని వెళ్ళారు. ఊరి చివర ఖాళీ స్థలంలో రేకుల పందిరి వేసి, రంగుల తెరలు కట్టి, నెలల తరబడి రోజుకొక నాటకం ఆడి, చూసేవారు పలచబడగానే బండ్లు కట్టి మరొక ఊరికి సాగిపోయేవారు. నారదుడు ఆకాశంనుంచి తీగల మీద దిగడం, రెండు బాణాలు గాలిలో ఢీకొని నిప్పులు రాలడం, ఘటోత్కచుని మాయలు – ఇవన్నీ కప్పీలు, తాళ్ళు, నేర్పరి చేతుల మహిమ. ‘మాయాబజార్’, ‘పాతాళభైరవి’, ‘శ్రీకృష్ణలీలలు’, ‘బాలనాగమ్మ’ వంటి ప్రదర్శనలకు గ్రామీణులు తండోపతండాలుగా వచ్చేవారు.

ఈ సమస్య మన ఒక్కరిదే కాదు. అమెరికాలో పల్లెపాటల బాణీని రాక్ సంగీతంతో మేళవించిన ‘ఈగిల్స్’ అనే బృందం 1971లో లాస్ ఏంజెలెస్‌లో ఏర్పడింది. 1975లో బెర్నీ లెడన్ వైదొలగగా జో వాల్ష్ వచ్చాడు. 1977లో రాండీ మైజ్నర్ వెళ్ళిపోగా టిమొతీ ష్మిట్ వచ్చాడు. చిత్రమేమిటంటే, అంతకు ముందు ‘పోకో’ అనే మరొక బృందంలోనూ మైజ్నర్ విడిచిన స్థానాన్ని ష్మిట్టే భర్తీ చేశాడు. 1980లో ఈగిల్స్ విచ్ఛిన్నమై, 1994లో మళ్ళీ కూడింది. 2016లో నాయకులలో ఒకడైన గ్లెన్ ఫ్రై మరణించాడు. ఇక ఆ పేరు ముగిసిందని అనుకొన్నవారి ముందు 2017లో అతని కుమారుడు డీకన్, విన్స్ గిల్ అనే మరొక గాయకునితో కలిసి, తండ్రి పాటలు పాడాడు. కోట్లు ఆర్జించిన ఆ బృందం చివరకు చేరుకొన్నది ఎక్కడికి? తండ్రి పాత్రను కొడుకు ధరించే సురభి పద్ధతికే!

మన ఉర్దూ విద్యార్థులకు ఖవ్వాలీ మేళాలను గుర్తుచేస్తే చాలు. ప్రధాన గాయకుడు, అతనికి గొంతు కలిపేవాడు, తాళం చరిచే వంతపాటగాండ్రు – ఈ వరుసలలో ఏళ్ళ తరబడి కూర్చున్న తరువాతనే ముందు వరుసకు అర్హత లభిస్తుంది. సాబ్రీ సోదరులలో గులాం ఫరీద్ 1994లోను, మక్బూల్ 2011లోను కన్నుమూశారు. గులాం ఫరీద్ కుమారుడు అమ్జద్ ఆ గానాన్ని కొనసాగిస్తూ 2016లో కరాచీలో హంతకుల తుపాకులకు బలి అయ్యాడు. మన కడప పెద్ద దర్గా ఉర్సులో ఖవ్వాలీ వినేవారు వరుసలో చివర కూర్చున్న బాలుని కూడా చూడాలని మా మనవి. రేపటి మేళం అక్కడ ఉంది.

ఇక ధ్వనిముద్రణ విషయం. రికార్డు ఉన్నది కదా, మనిషి లేకపోతేనేమి అని కొందరి వాదన. రికార్డు చేసిన మేలును మేము తక్కువ చేయము. కాని దాని పరిమితిని గుర్తించాలి. పాత గ్రామఫోను పళ్ళెంలో ఒక పక్కకు సుమారు మూడు నిమిషాలే పట్టేది. రంగస్థలం మీద పావుగంట సాగే పద్యం, రాగం ఆ మూడు నిమిషాలకు కుదించుకోవలసివచ్చింది. విన్నవారు అదే అసలు కొలత అనుకొన్నారు. తరువాత యంత్రాలు పెరిగాయి. సభలో పాడినది పాడినట్లే పట్టే ‘లైవ్’ రికార్డులు వచ్చాయి. అయితే అవి కూడా పూర్తి సత్యం కావు. 1980లో వెలువడిన ఈగిల్స్ వారి లైవ్ రికార్డును సభల అనంతరం స్టూడియోలో సవరించి, మెరుగులు దిద్దారు. లోపం తీసివేస్తే సభ కూడా కొంత తొలగిపోతుంది.

పద్యనాటకంలో ‘వన్స్ మోర్’ అనే కేక మనకు పరిచితమే. ప్రేక్షకులు కేక వేస్తారు. నటుడు అదే పద్యం మళ్ళీ అందుకొంటాడు. కాని రెండవసారి రాగం మరొక దారి పడుతుంది. మొదటిసారి దాచుకొన్న ఊపిరి ఇప్పుడు విప్పుతాడు. రికార్డును వెనక్కు తిప్పితే వచ్చేది మొదటి పాటే. వన్స్ మోర్ అని అడిగే హక్కు ఎదుట కూర్చున్న ప్రేక్షకునికి మాత్రమే ఉన్నది. ఆ ప్రేక్షకుడు ఇంటిలో తెర ముందు కూర్చుండిపోతే రంగస్థలం మీద నటునికి రెండవ ఊపిరి ఉండదు.

జరిగినది కూడా అదే. సినిమా, ఆ వెనుక టెలివిజన్ వచ్చి రేకుల పందిళ్ళను ఖాళీ చేశాయి. ముప్పైకి పైబడిన సమాజాలు నేడు వేళ్ళ మీద లెక్కించదగినన్ని మిగిలాయి. అయినా శక్తి ఉడగలేదు. 1990 దశకంలో కన్నడ రంగస్థల ప్రముఖుడు బి.వి. కారంత్ సురభి నటులతో కొత్త నాటకాలు చేయించగా, బ్రెహ్ట్ నాటకాన్ని సైతం వారు తెలుగు బస్తీకి తెచ్చి మెప్పించారు. 2013లో ఫ్రాన్సు దేశంలో ప్రదర్శనలిచ్చారు. అదే సంవత్సరం పద్మశ్రీ పొందిన సురభి బాబ్జీగారు 2022లో కీర్తిశేషులయ్యారు. ఆ తరువాత కూడా వారి వేంకటేశ్వర నాట్యమండలి తెర లేస్తూనే ఉన్నది. ఫ్రాన్సు ఆదరించిన సురభికి పుట్టినింట ఆహ్వానం కరువు కావడం మనకు గౌరవమా?

మైనారిటీ కళాశాల ఆవరణలో పౌరాణిక నాటకమేమిటని ఎవరైనా శంకించవచ్చు. వారికి మా సమాధానం సూటి అయినది. ఉగాదినాడు దేవుని కడప ఆలయానికి ముస్లింలు, ఉర్సునాడు పెద్ద దర్గాకు హిందువులు వెళ్ళే పట్టణం ఇది. 1880 దశకంలో బందరులో నాదెళ్ళ పురుషోత్తమకవి తెలుగు లిపిలో హిందూస్తానీ నాటకాలు రాసి ఆడించాడు. అంటే ఆధునిక తెలుగు నాటకం తొలి అడుగులలోనే మన రెండు భాషలూ ఒకే రంగస్థలాన్ని పంచుకొన్నాయి. ఉర్దూ, తెలుగు శాఖలు ఒకే కప్పు కింద ఉన్న కళాశాల కంటే ఆ స్మృతికి తగిన చోటు మరొకటి లేదు. కళను చూడడం వేరు, మతాన్ని స్వీకరించడం వేరు. ఈ వివేకం లేని విద్య విద్య కాదు.

కావున కళాశాల కార్యవర్గంవారి ముందు మూడు సూచనలు ఉంచుతున్నాము. మొదటిది, వార్షికోత్సవాలలో సినిమా రికార్డులకు అడుగులు వేసే నృత్యాలపై వెచ్చించే సొమ్ములో కొంత మిగిల్చి, ఏడాదికి ఒక రాత్రి సురభి సమాజాన్ని, మరొక రాత్రి ఒక ఖవ్వాలీ మేళాన్ని పిలిపించాలి. ఉచితంగా కాక తగిన పారితోషికం ఇచ్చి పిలవాలి. పొగడ్తతో పొయ్యి వెలగదు. రెండవది, ఆ ప్రదర్శనలను మొదటినుంచి చివరివరకు, దగ్గులు, చప్పట్లు, వన్స్ మోర్ కేకలతో సహా, కత్తిరింపు లేకుండా ముద్రించి గ్రంథాలయంలో భద్రపరచాలి. తేదీ, స్థలం, ప్రతి పాత్రధారి పేరు, తెర లాగినవారి పేరుతో సహా దానికి జతచేయాలి. నటవర్గం మారుతుంది కనుక ఎవరు ఎప్పుడు ఏ పాత్ర ధరించారో రాసిపెట్టడమే చరిత్ర. మూడవది, తెలుగు, ఉర్దూ విద్యార్థులు జతలుగా వెళ్ళి జిల్లాలోని వృద్ధ కళాకారుల అనుభవాలను సేకరించాలి. ఈ పనికి కావలసిన యంత్రం నేడు ప్రతి విద్యార్థి జేబులోనూ ఉన్నది.

నటులు మారినా నాటక సమాజం నిలుస్తుందా అన్న ప్రశ్నకు సురభి తన వంతు సమాధానం చెప్పింది: పక్కన నిలబడి నేర్చుకొనేవాడు ఉన్నంతకాలం నిలుస్తుంది. ఎదుట కూర్చుని వినేవాడు కూడా ఉండాలన్నది ఆ సమాధానంలోని రెండవ సగం. ఆ సగం మనది. రాబోయే వార్షికోత్సవ కార్యక్రమాన్ని నిర్ణయించే సమయంలో కార్యవర్గంవారు, విద్యార్థి సంఘంవారు దీనిని మనసున ఉంచుకొంటారని విశ్వసిస్తున్నాము.